ఐస్‌లాండ్‌ను కాలినడకన దాటాలంటే ఏ దారి ఎవరికి?

ఐస్‌లాండ్‌లో ట్రెక్ చేద్దామనుకునేవాళ్ళు మొదట అడిగేది ఏ దారి అందంగా ఉంటుందని. అక్కడ అందం లేని దారంటూ లేదు కాబట్టి ఆ ప్రశ్నతో ఎంపిక ముందుకు సాగదు. నేనైతే ఇలా అడగమంటాను. రెండో రోజు మధ్యాహ్నం గాలి ఒక్కసారిగా పెరిగి, వాన అడ్డంగా కొడుతూ, ముందున్న గుర్తు కర్ర కూడా కనబడకుండా పోతే, ఆ క్షణంలో మీరు ఎక్కడ ఉంటారు? తలదాచుకునే చోటు ముందుకెంత దూరం, వెనక్కెంత దూరం? మధ్యలో దాటాల్సిన వాగు ఉందా? అక్కడి నుంచి బస్సు దొరికే చోటికి ఎన్ని గంటల నడక? ఈ దీవి మీద ఒక దారికీ ఇంకో దారికీ ఉన్న అసలు తేడా ఈ ప్రశ్నల జవాబుల్లోనే ఉంది.

ఎందుకింతగా చెబుతున్నానో అర్థం కావాలంటే అక్కడి నేల, గాలి సంగతి కాస్త తెలియాలి. ఐస్‌లాండ్ వైశాల్యం సుమారు 1,03,000 చదరపు కిలోమీటర్లు. జనం దాదాపు అంతా తీరం వెంబడే ఉంటారు. నడిమి భాగాన్ని హైలాండ్స్ అంటారు. అక్కడ ఊళ్ళు లేవు, పొలాలు లేవు, గాలికి అడ్డుపడే చెట్టు లేదు. ఉన్నవల్లా లావా, నల్లటి ఇసుక, గ్లేసియర్లు (హిమానీనదాలు), వాటి నుంచి పుట్టే నదులు. ఉత్తర అమెరికా, యురేషియా భూఫలకాలు ఒకదానికొకటి దూరమయ్యే గీత ఈ దీవి మధ్య నుంచే పోతుంది. అట్లాంటిక్‌లో పుట్టే తుపాన్లకూ ఇది దారిలోనే ఉంది. రెండు గ్లేసియర్ల మధ్య సందుల్లో గాలి మరింత జోరందుకుంటుంది. వెయ్యి మీటర్ల ఎత్తులో జులైలోనూ మంచు పడవచ్చు.

అక్కడి వాతావరణ శాఖ గాలి వేగాన్ని సెకనుకు ఇన్ని మీటర్లని చెబుతుంది. దాన్ని 3.6తో గుణిస్తే గంటకు కిలోమీటర్లు వస్తాయి. సెకనుకు 10 మీటర్లంటే గంటకు 36 కిలోమీటర్లు. అలవాటున్నవాళ్ళు నడిచేస్తారు. 15 అంటే 54 కిలోమీటర్లు, టెంట్ వేయడమే పెద్ద పని అవుతుంది. 20 అంటే 72 కిలోమీటర్లు. వీపున బరువున్న మనిషిని గాలి పక్కకు తోసేస్తుంది. వాతావరణ సూచనలో 20 కనబడిన రోజున బయటికి కదలకూడదు. దీన్ని ముందే నియమంగా పెట్టుకోండి. అక్కడికి వెళ్ళాక ఆలోచించుకుందామంటే, టికెట్లు, సెలవులు, తోటివాళ్ళ ఉత్సాహం అన్నీ కలిసి మిమ్మల్ని బయటికే నెడతాయి.

లౌగవేగుర్: మొదటిసారి వెళ్ళేవాళ్ళకు

లాండ్‌మన్నలౌగర్ నుంచి థోర్స్‌మోర్క్ దాకా సుమారు 55 కిలోమీటర్లు. మామూలుగా నాలుగు రోజులు. దేశంలో అన్నిటికన్నా ఎక్కువమంది నడిచే దారి ఇదే. 1997 నుంచి ఏటా ఇదే దారి మీద పరుగు పందెం కూడా జరుగుతోంది. అది చూసి ఇదేదో సులువైన దారని అనుకోవద్దు. పందెంలో పరుగెత్తేవాళ్ళ వీపున టెంటు, నాలుగు రోజుల తిండి ఉండవు.

మొదటిసారి వెళ్ళేవాళ్ళకు నేను దీన్నే చెప్పడానికి కారణం హట్ల (నడిచేవాళ్ళు రాత్రి బస చేసే చిన్న ఇళ్ళ) మధ్య దూరం. లాండ్‌మన్నలౌగర్ నుంచి హ్రాఫ్న్‌తిన్నుస్కేర్‌కు 12 కిలోమీటర్లు, అక్కడి నుంచి ఆల్ఫ్తవాత్న్ సరస్సుకు ఇంకో 12, తర్వాత ఎమ్‌స్త్రూర్‌కు 15 పైచిలుకు, అక్కడి నుంచి థోర్స్‌మోర్క్‌కు మళ్ళీ అంతే. ఆల్ఫ్తవాత్న్ దాటాక కాస్త దూరంలోనే హ్వాన్‌గిల్‌లో ఇంకో హట్ ఉంది. అంటే ఏ క్షణంలో చూసినా ముందుకో వెనక్కో ఎనిమిది కిలోమీటర్లలోపే ఒక కప్పు దొరుకుతుంది. దారి పొడవునా గుర్తు కర్రలు పాతి ఉంటాయి. వేసవిలో హట్లలో వార్డెన్లుంటారు. ఆ రోజు వాతావరణం, ముందున్న వాగులో నీళ్ళెంత అన్నది వాళ్ళను అడిగి కదలొచ్చు. ఈ వసతి దీవిలో మరే పొడవైన దారికీ ఇంతగా లేదు.

కష్టమంతా మొదటి రోజులోనే ఉంది. సుమారు 600 మీటర్ల ఎత్తున్న లాండ్‌మన్నలౌగర్ నుంచి వెయ్యి మీటర్లు దాటిన హ్రాఫ్న్‌తిన్నుస్కేర్‌కు ఎక్కాలి. రంగురంగుల రయొలైట్ కొండలు, నేలలోంచి బుసకొట్టే ఆవిరి, దారి పక్కన మెరిసే నల్లటి అబ్సిడియన్ రాళ్ళు చూస్తుంటే కాళ్ళు వాటంతటవే నడుస్తాయి. ఆ చివరి పీఠభూమి మీద మాత్రం మంచు జులై దాకా ఉంటుంది, పొగమంచు ఎప్పుడైనా కమ్ముకోవచ్చు. 2004 జూన్ చివర్లో 25 ఏళ్ళ ట్రెకర్ ఒకరు మంచు తుపానులో చిక్కుకుని ఇక్కడే చనిపోయారు. హట్ కిలోమీటరు దూరం కూడా లేదు. ఆ చోట రాళ్ళు పేర్చి స్మారకం కట్టారు. దాటుతున్నప్పుడు ఒక్క నిమిషం ఆగండి. ఎండ కాసే రోజున అక్కడ నిలబడితే, కిలోమీటరు దూరంలో మనిషి దారి తప్పుతాడంటే నమ్మబుద్ధి కాదు. వేసవి నడుమ కూడా ఆ దీవి అంత త్వరగా మారిపోతుంది.

వాతావరణం బాగుంటే మొదటి రెండు రోజుల నడకను ఒకే రోజులో ముగించి నేరుగా ఆల్ఫ్తవాత్న్‌కు దిగేవాళ్ళున్నారు. ఎత్తున్న చోట రాత్రి గడపకుండా తప్పించుకోవడం ఇందులో లాభం. మొత్తం 24 కిలోమీటర్లు. ఒంట్లో ఓపిక, మంచి సూచన రెండూ ఉంటేనే చేయండి.

ఆల్ఫ్తవాత్న్ తర్వాత దృశ్యం పూర్తిగా మారిపోతుంది. రంగులు పోయి నల్లటి ఇసుక మైదానం, మధ్యలో పచ్చటి నాచు కప్పుకున్న కొండలు. ఇక్కడే వాగులు మొదలవుతాయి. పెద్దవాటి మీద నడక వంతెనలున్నాయి. బ్లాఫ్యాత్లక్విస్ల్, చివరి రోజున థ్రోంగా లాంటివి మాత్రం కాళ్ళు తడుపుకుని దాటాల్సిందే. ఎమ్‌స్త్రూర్ దగ్గర కాస్త పక్కకు నడిస్తే మార్కర్‌ఫ్ల్యోత్ లోయ కనిపిస్తుంది. లోతు దాదాపు 200 మీటర్లు. ఆ పక్కదారిని వదిలేయొద్దు.

దిశ గురించి చాలామంది వాదిస్తారు. నా ఓటు ఉత్తరం నుంచి దక్షిణానికే. మొత్తం మీద దిగుడు ఎక్కువ, కష్టమైన ఎత్తు మొదటి రోజే అయిపోతుంది. ఇంకో లాభం కూడా ఉంది. మొదటి రోజు వాతావరణం బాగా లేకపోతే లాండ్‌మన్నలౌగర్‌లోనే ఆగిపోవచ్చు. దక్షిణం నుంచి వస్తే ఆ పీఠభూమి చివరికి మిగులుతుంది, అప్పటికి బుక్ చేసుకున్న బస్సు తరుముతుంటుంది.

జనం రద్దీ దీని లోపం. జులైలో హట్ వంటగదిలో స్టవ్ కోసం వరసలో నిలబడాల్సి రావచ్చు. ఏకాంతం కోసమే అంత దూరం వెళ్తున్నామనుకునేవాళ్ళకు ఇది నిరాశ కలిగిస్తుంది.

ఫిమ్‌వోర్దుహాల్స్: కలపాలా, వద్దా?

లౌగవేగుర్ థోర్స్‌మోర్క్‌లో ముగుస్తుంది. అక్కడి నుంచి దక్షిణ తీరంలోని స్కోగర్‌కు ఇంకో 25 కిలోమీటర్లు ఉంది. ఎయ్యఫ్యాత్లయోకుల్, మీర్దాల్స్‌యోకుల్ అనే రెండు గ్లేసియర్ల మధ్య ఫిమ్‌వోర్దుహాల్స్ అనే కనుమ మీదుగా వెయ్యి మీటర్లకు ఎక్కి దిగాలి. 2010 మార్చి 20న ఈ కనుమ మీదే నేల చీలి లావా ఎగజిమ్మింది. మాగ్ని, మోది అని పేరు పెట్టిన రెండు బిలాలు అప్పుడు పుట్టినవే, దారి వాటి పక్క నుంచే పోతుంది. ఏప్రిల్ 14న పక్కనే ఉన్న ఎయ్యఫ్యాత్లయోకుల్ శిఖరం పేలింది. దాని బూడిదకే యూరప్ విమానాలు రోజుల తరబడి నేల మీద ఉండిపోయాయి. నిన్నమొన్న పుట్టిన నేల మీద నడవడం ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే ఇంతకు మించిన చోటు లేదు. తర్వాత స్కోగర్ దాకా దిగుడంతా జలపాతాల వెంబడే. చివర్లో 60 మీటర్ల స్కోగాఫోస్ పక్కన మెట్లు దిగి రోడ్డెక్కుతారు.

దీన్ని కలుపుకోవాలా వద్దా అన్నది ఇంటి దగ్గర తేల్చుకోవద్దు. థోర్స్‌మోర్క్‌కు వేసవిలో బస్సు వస్తుంది. అక్కడికి చేరాక రేపటి సూచన చూడండి. బాగుంటే ఎక్కండి, లేకపోతే బస్సెక్కి తీరానికి వెళ్ళిపోండి. ఇలా మధ్యలో చక్కగా విడిపోయే దారి కావడమే దీని గొప్ప. కనుమ పైన రెండు చిన్న హట్లున్నాయి కానీ, రోజంతా ఎత్తులో గాలికి ఎదురుగా ఉంటారు. థోర్స్‌మోర్క్ వైపు సన్నటి గట్టు ఒకటి, గొలుసు పట్టుకుని దాటే చోటు ఒకటి ఉన్నాయి. ఎత్తంటే భయం ఉన్నవాళ్ళు ఈ సంగతి ముందే తెలుసుకుని రావాలి. నాలుగు రోజులు నడిచి అలిసిన కాళ్ళతో అక్కడ గాలికి నిలబడగలరా అని మీకు మీరే నిజాయితీగా చెప్పుకోండి.

లౌగవేగుర్‌కు రోజులు లేనివాళ్ళు ఇదొక్కటే స్కోగర్ నుంచి మొదలుపెట్టి నడవొచ్చు. మంచి ఎండ రోజున, అలవాటున్న కాళ్ళకు ఒక రోజు పని.

క్యోలుర్ పాత దారి: జనం వద్దనుకునేవాళ్ళకు

దీని గురించి తక్కువమంది మాట్లాడతారు. నాకు మాత్రం ఇది చాలా ఇష్టం. లాంగ్‌యోకుల్, హోఫ్స్‌యోకుల్ అనే రెండు పెద్ద గ్లేసియర్ల మధ్య, శతాబ్దాలుగా ఉత్తర దక్షిణాల మధ్య గుర్రాల మీద తిరిగిన బాట ఇది. హ్వీతార్నెస్ నుంచి థ్వెర్‌బ్రెక్నమూలి, థ్యోఫాదలిర్ మీదుగా హ్వేరావెల్లిర్ దాకా మూడు రోజుల నడక. పెద్ద ఎక్కుళ్ళు లేవు, భయపెట్టే వాగులు లేవు. గుర్రాల డెక్కలకు అరిగిన సన్నటి గాడులు పక్కపక్కనే సాగుతుంటాయి. చివర్లో హ్వేరావెల్లిర్‌లో వేడినీటి గుంటలో దిగి ఒళ్ళు సేదదీర్చుకోవచ్చు. 18వ శతాబ్దంలో చట్టానికి దొరక్కుండా కొండల్లో తలదాచుకున్న ఫ్యాత్లా-ఏవిందుర్, అతని భార్య హల్లా కొంతకాలం ఇక్కడే బతికారు.

హ్వీతార్నెస్ హట్ 1930లో కట్టింది. ఐస్‌లాండ్ టూరింగ్ అసోసియేషన్ కట్టిన మొదటి హట్ అదే. ఈ దారిలో హట్లు చిన్నవి. లౌగవేగుర్‌లో లాగా వార్డెన్ ఎదురొచ్చి పలకరిస్తాడని అనుకోవద్దు. ముందే బుక్ చేసుకుని, తాళం సంగతి కూడా అడిగి తెలుసుకుని వెళ్ళాలి.

దారి నేల చదునుగా ఉందని వాతావరణాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 1780 శరదృతువులో రేనిస్తాదుర్ నుంచి వచ్చిన ఇద్దరు అన్నదమ్ములు, తోడున్న ముగ్గురితో కలిసి గొర్రెల మందను తోలుకుంటూ ఈ క్యోలుర్ మీదే మంచు తుపానులో చిక్కుకున్నారు. ఐదుగురిలో ఒక్కరూ ఇల్లు చేరలేదు. మంద, గుర్రాలు కూడా దక్కలేదు. వాటి ఎముకలు దొరికిన దిబ్బను ఇప్పటికీ చూపిస్తారు. వాళ్ళు ఆ నేలను ఎరిగిన మనుషులే. బయలుదేరిన కాలమే వాళ్ళకు అనుకూలించలేదు. మీరు జులై నుంచి ఆగస్టు మధ్యలోపు వెళ్ళండి.

బయటపడే దారి సంగతికొస్తే, తూర్పున ఎఫ్35 అనే హైలాండ్ రోడ్డు దాదాపు సమాంతరంగా పోతుంది. దాని నదులన్నిటి మీదా వంతెనలున్నాయి కాబట్టి వేసవిలో వాహనాలు తిరుగుతుంటాయి. ఇబ్బందైతే రోజులోపు రోడ్డు చేరొచ్చు. అసలు చిక్కు వెళ్ళి రావడంలోనే. ఈ రోడ్డు మీద బస్సులు ఒక ఏడాది ఉన్నట్టు ఇంకో ఏడాది ఉండవు. ఆ వేసవి ఏర్పాటు ఏమిటో తేల్చుకున్నాకే మిగతావి బుక్ చేయండి.

ఆస్క్యా: నీళ్ళు మోసుకెళ్ళగలిగితే

ఈశాన్య హైలాండ్స్‌లో హెర్దుబ్రేదర్‌లిందిర్ నుంచి మొదలై, ఆస్క్యా అగ్నిపర్వతం మీదుగా పడమరకు సాగే దారి ఇది. అకురేరి ట్రెకింగ్ సంఘం హట్లు దారి పొడవునా ఉన్నాయి. ఐదు రోజుల పని. 1,682 మీటర్ల హెర్దుబ్రేద్ కొండ, 1875 పేలుడు తర్వాత ఏర్పడిన లోతైన సరస్సు, దాని పక్కనే వీతి అనే బిలం, దక్షిణాన 2014–15లో సుమారు 84 చదరపు కిలోమీటర్లు పరుచుకున్న హోలుహ్రౌన్ లావా ఇక్కడివి. అపోలో వ్యోమగాములను 1965లోనూ 1967లోనూ ఈ నేల మీదికే తీసుకొచ్చి భూగర్భ శాస్త్రం నేర్పారు. అక్కడికి వెళ్తే ఎందుకో అర్థమవుతుంది.

అంత గొప్పదైనా దీన్ని మొదటి ట్రెక్‌గా ఎవరికీ చెప్పను. కారణం నీళ్ళు. ప్యూమిస్ (నురగలాంటి తేలిక రాయి), లావా నేల వానను ఇట్టే పీల్చేస్తుంది. వాగులు పొంగుతాయని మిగతా చోట్ల భయపడతాం, ఇక్కడ మైళ్ళ తరబడి చుక్క నీరు కనబడదు. కొన్ని హట్లలో దొరికేది వాననీరే. రోజుకు సరిపడా నీళ్ళు మోయాలంటే బరువు మూడు నాలుగు కిలోలు పెరుగుతుంది. గరుకు లావా మీద గంటకు రెండు కిలోమీటర్లు నడిస్తే బాగా నడిచినట్టే. గాలి లేచిందంటే ఇసుక కళ్ళలోకి, టెంట్ జిప్పుల్లోకి, చివరికి తిండిలోకి చేరుతుంది. స్కీయింగ్ కళ్ళజోడు వెంట ఉండి తీరాలి.

అగ్నిపర్వతం కూడా నిద్రపోవడం లేదు. 2014 జులై 21న సరస్సు ఒడ్డు నుంచి భారీగా కొండచరియ విరిగిపడి, పదుల మీటర్ల ఎత్తు అలలు లేచాయి. రాత్రి వేళ కావడంతో ఒడ్డున ఎవరూ లేరు. 2021 ఆగస్టు నుంచి నేల పైకి ఉబ్బడం మొదలైంది. వెళ్ళే ముందు వాతావరణ శాఖ ఆస్క్యా గురించి ఏం చెబుతోందో చూసి తీరాలి.

తీరం నుంచి తీరానికి

ఇక దీవిని మొత్తంగా దాటడం. ఉత్తర తీరం నుంచి డెట్టిఫోస్ జలపాతం, మీవాత్న్ సరస్సు, తర్వాత ఆస్క్యా లేదా స్ప్రెంగిసాందుర్ మీదుగా నీదాలుర్, అక్కడి నుంచి లాండ్‌మన్నలౌగర్, చివర్లో లౌగవేగుర్, ఫిమ్‌వోర్దుహాల్స్ కలుపుకుని స్కోగర్. ఎంచుకున్న దారిని బట్టి ఐదారు వందల కిలోమీటర్లు, మూడు నుంచి నాలుగు వారాలు.

ఇది లౌగవేగుర్‌కు పది రెట్ల పొడవు కాబట్టి పది రెట్ల కష్టమని లెక్కేయడం సరికాదు. ఇది వేరే రకం పని. నడుమ భాగంలో, హోఫ్స్‌యోకుల్, వాత్నాయోకుల్ గ్లేసియర్ల మధ్య ఉన్న స్ప్రెంగిసాందుర్ నల్లటి ఎడారి. రోజంతా నడిచినా దృశ్యం మారదు. నీదాలుర్ హట్ సుమారు 800 మీటర్ల ఎత్తులో ఉంది. దానికి అటూ ఇటూ రోజుల తరబడి టెంటే దిక్కు. ఒక రోజు గాలి 20 దాటితే, రాయి చాటున టెంటు తాళ్ళు బిగించుకుని ఆ రోజంతా కదలకుండా పడుకోగలగాలి. కదలకుండా ఉండే ఆ ఓర్పు, నడిచే బలం కన్నా అరుదు. సెలవులు లెక్కపెట్టుకుని వచ్చినవాళ్ళు సాధారణంగా ఇక్కడే టెన్షన్‌లో పడి, కదలకూడని రోజున కదులుతారు.

నదుల సంగతి కూడా వేరు. యోకుల్సా ఆ ఫ్యోత్లుమ్, థ్యోర్సా, తుంగ్నా లాంటివాటిని నడిచి దాటాలని ఎవరూ అనుకోకూడదు. వంతెన ఉన్న చోటికి ఎంత చుట్టైనా తిరిగి వెళ్ళాల్సిందే. కాబట్టి మ్యాపు మీద వంతెనలు ముందు గుర్తుపెట్టుకుని, వాటిని కలుపుతూ దారి గీసుకోండి. తిండి మొత్తం ఒకేసారి మోయలేరు. ముందే మాట్లాడుకుని కొన్ని హట్లకు డబ్బాలు పంపించుకోవాలి.

ఇంత చెప్పాక కూడా మనసు అటే లాగుతోందా? అయితే ముందు క్యోలుర్‌నో లౌగవేగుర్‌నో టెంట్‌తో, ఒక్క రాత్రి కూడా హట్‌లో పడుకోకుండా పూర్తి చేయండి. ఆ మూడు నాలుగు రోజుల్లో కనీసం ఒక్క చెడ్డ రాత్రి ఎదురవుతుంది. ఆ రాత్రి తర్వాత కూడా నడవాలనిపిస్తే, తర్వాతి వేసవి దీని గురించి ఆలోచించండి.

హోర్న్‌స్ట్రాండిర్ గురించి ఒక్క మాట. వాయవ్య మూలనున్న ఈ ద్వీపకల్పం 1975 నుంచి రక్షిత ప్రాంతం. రోడ్లు లేవు, ఇసాఫ్యోర్దుర్ నుంచి పడవలో వెళ్ళాలి. ఇక్కడిది చల్లారిపోయిన పాత బసాల్ట్ (గడ్డకట్టిన లావా రాయి), మండే అగ్నిపర్వతాల్లేవు. ఆర్కిటిక్ నక్కలు, 534 మీటర్ల హోర్న్‌బ్యార్గ్ కొండ అంచు, విడిచిపెట్టిపోయిన పాత ఇళ్ళు చూడాలనుకునేవాళ్ళకు ఇదే సరైనది. సముద్రం రేగితే పడవ రాదు కాబట్టి రెండు రోజుల తిండి అదనంగా ఉండాలి.

హట్టా, టెంటా?

హట్లో పరుపున్న బల్ల, గ్యాస్ స్టవ్, గిన్నెలు ఉంటాయి. స్లీపింగ్ బ్యాగ్ మీది. వీపు మీద బరువు నాలుగైదు కిలోలు తగ్గుతుంది, తడిసిన బట్టలు ఆరతాయి. ఇబ్బందల్లా తేదీలతోనే. లౌగవేగుర్ హట్లు చాలా నెలల ముందే నిండిపోతాయి. ఒకసారి బుక్ అయ్యాక ఏ రాత్రి ఎక్కడన్నది ఖాయం. వాతావరణం బాగా లేదని ఒక రోజు ఆగితే వరసంతా దెబ్బతింటుంది. టెంట్ ఉన్నవాళ్ళు ఆగవచ్చు, వెనక్కి తిరగవచ్చు. బరువు మోస్తారు, బదులుగా తేదీల చెర నుంచి బయటపడతారు. లౌగవేగుర్‌లో టెంట్ వేయాల్సింది హట్ల పక్కన కేటాయించిన చోటే. హట్ లోపలి వంటగది టెంట్ వాళ్ళకు కాదు, మీ స్టవ్ మీకుండాలి. గ్యాస్ డబ్బా విమానంలో తీసుకెళ్ళకూడదు కాబట్టి రేక్యావిక్‌లో కొనుక్కోండి.

గాలికి ఆగని చవక టెంట్ మాత్రం అసలు వద్దు. అంతకన్నా హట్ దొరికే తేదీ కోసం ఇంకో ఏడాది ఆగడం నయం.

ఏ నెల?

ఎఫ్ రోడ్లు (వేసవిలోనే తెరిచే హైలాండ్ రోడ్లు) మామూలుగా జూన్ మధ్య నుంచి తెరుచుకుంటాయి, ఎత్తున్నవి జులై మొదట్లో. జూన్ చివర్లో రాత్రి చీకటే పడదు, ఎంత ఆలస్యమైనా వెలుతురుంటుంది. ఎత్తుల్లో మాత్రం మెత్తబడ్డ మంచు, దాని కింద దాగిన వాగులు ఉంటాయి. జులై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా అన్ని దారులకూ మంచి కాలం, రద్దీ కూడా అప్పుడే. ఆగస్టు చివరికి రాత్రులు చీకటిగా మారతాయి, అదృష్టం బాగుంటే ఉత్తర ధ్రువ కాంతులు కనిపిస్తాయి. సెప్టెంబర్‌లో శరత్కాలపు తుపాన్లు మొదలవుతాయి, వార్డెన్లు వెళ్ళిపోతారు, బస్సులు ఆగిపోతాయి. నేలను ఎరిగినవాళ్ళకే సెప్టెంబర్.

ఏ దారైనా తప్పని రెండు విషయాలు

ఒకటి వాగులు. గ్లేసియర్ నుంచి వచ్చే నీరు తెల్లవారుజామున తక్కువగా, ఎండ కాసిన మధ్యాహ్నానికి ఎక్కువగా ఉంటుంది. వాన పడితే వేళాపాళా ఉండదు. దాటడానికి ఇరుకుగా ఉన్న చోటు చూడొద్దు, అక్కడ లోతు, వేగం రెండూ ఎక్కువ. వెడల్పుగా పాయలుగా విడిపోయిన చోటు వెతకండి. బ్యాగ్ నడుం పట్టీ విప్పేయండి, పడితే బ్యాగ్ వదిలించుకోగలగాలి. ప్రవాహానికి ఎదురుగా ముఖం పెట్టి, కర్రలు ఆనించి, పక్కకు అడుగులేస్తూ దాటండి. వాగు అడుగున రాళ్ళు దొర్లే చప్పుడు వినిపిస్తే దాటొద్దు, ఆగి మరుసటి ఉదయం చూడండి. తడవడానికి వేరే చెప్పులు పెట్టుకోండి, ఒట్టి కాళ్ళతో ఆ చల్లదనానికి పాదాలు మొద్దుబారి పట్టు తప్పుతుంది.

రెండోది నేల కింద వేడి. ఆవిరి చుట్టూ లేత రంగు నేల పైకి గట్టిగా కనిపిస్తుంది, కింద మరిగే బురద ఉండొచ్చు. గుర్తు పెట్టిన బాట దాటొద్దు. మీర్దాల్స్‌యోకుల్ కింద కాట్లా అగ్నిపర్వతం ఉంది. దాని చివరి పెద్ద పేలుడు 1918లో. పేలుడు లేకుండా కూడా మంచు కింది వేడికి కరిగిన నీరు ఒక్కసారిగా పొంగుతుంది. 2011 జులైలో అలాంటి వరదకు తీరం రోడ్డు మీది వంతెన కొట్టుకుపోయింది. ఫోన్‌కు హెచ్చరిక సందేశం వస్తే, వెంటనే నది పల్లం వదిలి ఎత్తుకు ఎక్కాలి. సామాను కోసం వెనక్కి వెళ్ళొద్దు.

బట్టల విషయంలో పెద్దగా చెప్పేదేమీ లేదు. ఒంటికి ఆనుకుని ఉన్ని, పైన గాలీ నీరూ చొరబడనిది. కాటన్ వద్దు, తడిస్తే ఒంట్లో వేడి లాగేస్తుంది.

ఎవరికి ఏది?

ఇంతకుముందు కొండల్లో రెండు మూడు రోజుల ట్రెక్ చేసినవాళ్ళు, నలుగురితో వెళ్ళేవాళ్ళు లౌగవేగుర్ ఎంచుకోండి, ఫిమ్‌వోర్దుహాల్స్ నిర్ణయం థోర్స్‌మోర్క్‌కు వదిలేయండి. ఒంటరిగా వెళ్ళేవాళ్ళకూ ఇదే సరి, ఎందుకంటే మీరు రాకపోతే హట్లో ఎవరో ఒకరు గమనిస్తారు. మ్యాపు, జీపీఎస్ రెండూ చదవగలిగి, మాటలు తక్కువ కావాలనుకునే ఇద్దరు ముగ్గురికి క్యోలుర్. అగ్నిపర్వతాల మీద ప్రాణం పెట్టుకున్నవాళ్ళు ఆస్క్యాకు గైడుతో వెళ్ళండి, లేదా ముందు మీవాత్న్ నుంచి వెళ్ళే ఒక రోజు బస్సు టూర్‌లో చూసి రండి. వాగులు దాటిన అలవాటు అసలు లేకపోతే ఎక్కడికైనా గైడు ఉన్న బృందంతో వెళ్ళడమే నయం, అందులో చిన్నతనమేమీ లేదు.

ఏది ఎంచుకున్నా, తిరుగు విమానానికి ముందు కనీసం రెండు ఖాళీ రోజులు పెట్టుకోండి. ఆ రెండు రోజులు దొరకనప్పుడు పొడవైన దారి వదిలి చిన్నది తీసుకోండి.

బయలుదేరే ముందు ప్రయాణికుల భద్రత కోసం నడిపే సేఫ్‌ట్రావెల్ సైటులో మీ దారి, తేదీలు నమోదు చేయండి. ఫోన్లో అత్యవసర సాయం కోసం 112 యాప్ పెట్టుకోండి, హైలాండ్స్‌లో సిగ్నల్ అన్నిచోట్లా అందదు కాబట్టి ఆపదలో సంకేతం పంపే, ఉపగ్రహంతో పనిచేసే బీకన్ ఒకటి అద్దెకు తీసుకోండి. అక్కడ వెతకడానికి వచ్చేది జీతానికి పనిచేసేవాళ్ళు కాదు. సొంత పనులు వదిలి, తుపానులోకి బయలుదేరే వాలంటీర్లు. అందుకే నడక ముగిశాక క్షేమంగా చేరామని ఇంట్లోవాళ్ళకూ, ఎదురుచూస్తామన్న హట్‌కూ ఆ సాయంత్రమే చెప్పేయండి. దారి మధ్యలో ఆలోచన మార్చుకుని బస్సెక్కినా సరే, తర్వాతి హట్‌కు కబురు పంపండి.